దరోజీ గుట్ట నుంచి మారా గడ్డి దాకా

ఆఫ్రికా వెళ్లొచ్చినవాళ్ల ఫోను చేతికి తీసుకుంటే అందులో అన్నీ సింహాలే. గడ్డిలో సింహం, చెట్టు కింద సింహం, పిల్లలతో సింహం. బండి ఏ వైపు నుంచి వెళ్లి ఆగింది, ఇంజను ఎంత దూరంలో ఆపేశారు, పొద్దు ఎటు ఉంది, అంతకుముందు రెండు గంటలు ఏమీ కనపడనప్పుడు బండి నడిపే మనిషి దేన్ని చూస్తూ నడిపాడు? ఇవేవీ ఫొటోలో పడవు. వెళ్లొచ్చినవాళ్లకు గుర్తు కూడా ఉండవు. సఫారీలో నాకు అన్నిటికన్నా ముచ్చట గొలిపేది ఫొటోకు అందని ఆ పనితనమే. మన మాట వినని ప్రాణిని, దాని దారికి అడ్డం పోకుండా, ఇంకో మనిషికి చూపించడం చిన్న విద్యేమీ కాదు. మొదటిసారి అంత దూరం బయల్దేరేవాళ్లు ఇంట్లో కూర్చుని వేసుకునే ప్లాను కూడా ఆ విద్యలో ఒక భాగం. ప్లాను చెడితే ఎంత మంచి గైడు దొరికినా చేసేదేం లేదు.

ఈ విద్యకు ఓనమాలు దిద్దుకోవడానికి బళ్ళారి జిల్లా సండూరు తాలూకా తారానగర్‌లో ఉన్నవాళ్లు నైరోబీ దాకా పోనక్కర్లేదు. ఊరి దగ్గరే నారిహళ్ళ డ్యాము, చుట్టూ సండూరు కొండలు. ఆ కొండలు దాటి కమలాపుర వైపు వెళ్తే దరోజీ ఎలుగుబంట్ల అభయారణ్యం వస్తుంది. 1994లో దాన్ని ప్రకటించారు. మొదట సుమారు 56 చదరపు కిలోమీటర్లు ఉండేది, 2009లో మరికొంత అడవి కలిపి 82 దాటించారు. అడవి అంటే టేకు, మద్ది, వెదురు అనుకునేవాళ్లకు ఇది అడవిలా కనపడదు. బండ మీద బండ పేర్చినట్టున్న గుట్టలు, వాటి మధ్య ముళ్ల పొదలు. హంపీలో గుళ్ల వెనక కనిపించే బండలే ఇక్కడా ఉన్నాయి, గుళ్లు మాత్రం లేవు. ఆ బండల సందులే ఎలుగుబంటికి ఇల్లు. పగటి ఎండంతా ఆ నీడలో పడుకుని, పొద్దు వాలుతుండగా బయటికొస్తుంది.

దరోజీలో చూపించే పని ఇలా సాగుతుంది. ఎండ తగ్గకముందే అటవీ శాఖ మనుషులు బెల్లం, తేనె కలిపిన ముద్ద పట్టుకుని వాచ్ టవర్‌కు ఎదురుగా ఉన్న గుట్ట ఎక్కుతారు. దాన్ని బండల మీద అక్కడక్కడా పూసి దిగొస్తారు. వినడానికి ఇంతే. కానీ ఆ పూతలో ఉన్న తెలివిని కాస్త దగ్గర నుంచి చూడాలి. ముద్దంతా ఒకేచోట పడేస్తే ఒక్క జంతువు వచ్చి నిమిషాల్లో తినేసి పోతుంది. బండకు పలచగా పూస్తే నాకి నాకి తినాలి, చాలాచోట్ల పూస్తే ఒకదాని నుంచి ఇంకోదానికి నడవాలి. ఆ నడకే చూసేవాళ్లకు దక్కేది. పైగా ఇది ఆ జంతువు ఒంటికి సరిపోయే పద్ధతి. మన ఎలుగుబంటికి పై దవడ ముందు పళ్లలో మధ్యవి రెండు ఉండవు. ముక్కు రంధ్రాలు మూసుకుని, పెదాలు ముందుకు చాచి, ఆ ఖాళీలోంచి పుట్టలోని చెదపురుగుల్ని పీల్చుకుంటుంది. ఆ పీల్చే చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. నాకడానికీ పీల్చడానికీ తయారైన నోటికి, నాకాల్సిన తిండే పెట్టారన్నమాట.

ఇది అడవి జంతువును చూడడం ఎలా అవుతుంది, పెట్టి రప్పించుకోవడం కదా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. నా మట్టుకు దీన్ని ఒక రాజీగా ఒప్పుకుంటాను. చూసేవాళ్లు ఒక గుట్ట మీద, ఎలుగు ఇంకో గుట్ట మీద, మధ్యలో లోయ. పూత పూసిన మనుషులు అది వచ్చేసరికి దిగిపోయి ఉంటారు. తిండి మనిషి చేతిలోంచి వస్తోందని దానికి తెలియకుండా చేయడమే అందులోని మర్యాద. అయితే ఇదే పని కెన్యాలోని మసాయి మారాలో చేస్తే శిక్ష పడుతుంది. అక్కడ జంతువుకు ఏమీ పెట్టకూడదు, పిలవకూడదు, చప్పట్లు కొట్టకూడదు. ఎర లేకుండా చూపించాలి. అక్కడి గైడు పని ఎంత కష్టమో దరోజీ చూసినవాళ్లకే సరిగ్గా అర్థమవుతుంది.

దరోజీ నేర్పే రెండో సంగతి దూరాన్ని చూడడం. టవర్ నుంచి వట్టి కంటితో చూస్తే ఎలుగు ఒక నల్ల మచ్చ. దాని పక్కన బండ నీడ ఇంకో నల్ల మచ్చ. రెంటిలో ఏది కదిలిందో తేల్చుకునేలోపు అది బండ వెనక్కి పోతుంది. బైనాక్యులర్స్ తీసి, దాన్ని ఆ చోటికే గురిపెట్టి, ఫోకస్ తిప్పుకోవడం అంత సులువు కాదు. మొదట్లో అందరికీ ఆకాశమే కనపడుతుంది. కళ్లు మచ్చ మీద నుంచి తిప్పకుండా బైనాక్యులర్స్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోవడం అలవాటైతేనే దారి దొరుకుతుంది. ఆ అలవాటు టికెట్టు కొద్దిపాటి సొమ్మే అయిన దరోజీలో చేసుకుంటే, రోజుకు వందల డాలర్లు పోసే చోట ఆకాశం చూస్తూ కూర్చునే పని తప్పుతుంది. కొనేటప్పుడు దాని మీద 8×42 అని రాసి ఉన్నది సరిపోతుంది. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. పది రెట్లది ఇంకా దగ్గరగా చూపిస్తుంది గానీ చేతి వణుకును కూడా అంతే పెంచుతుంది. ఇంటికి ఒకటి చాలదు, మనిషికొకటి ఉండాలి. చిరుతపులి పొద నుంచి పొదకు దాటే సమయంలో చేతులు మార్చుకోవడం కుదరదు.

ఈ చూడడంలో సండూరుకు ఒక పెద్ద పేరే ఉంది. సండూరు రాజవంశానికి చెందిన ఎం.వై. ఘోర్పడే (1931–2011) కేంబ్రిడ్జిలో అర్థశాస్త్రం చదివి, 1972 నుంచి 1977 దాకా కర్ణాటకలో దేవరాజ్ అర్స్ మంత్రివర్గంలో ఆర్థిక మంత్రిగా చేశారు. బడ్జెట్ లెక్కలు చూసిన ఆ మనిషి తీరిక దొరికితే కెమెరా పట్టుకుని అడవిలో ఉండేవారు. ఆయన వన్యప్రాణుల ఫొటోలు నలుపు తెలుపులోనివి. 1983లో వచ్చిన ఆయన పుస్తకం పేరు 'సన్‌లైట్ అండ్ షాడోస్'. అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య ఫియాప్ ఆయనకు మాస్టర్ బిరుదు ఇచ్చింది. నలుపు తెలుపులో పనిచేసేవాడికి రంగు సాయం ఉండదు. పులి పసుపో గడ్డి పసుపో ఫిల్ము చెప్పదు. వెలుగు ఏ పక్క నుంచి పడుతోంది, నీడ దేని అంచును తేలుస్తోంది, ఇవే అతని పనిముట్లు. అందుకు ముందుగా వెళ్లి, సరైన పక్కన కూర్చుని, వెలుగు కోసం ఆగాలి. జంతువు వచ్చాక చోటు వెతుక్కునేవాడికి ఆ ఫొటో దొరకదు. ఆఫ్రికాకు ఖరీదైన కెమెరా కొనుక్కుని పోదామనుకునే కుర్రాళ్లకు ముందు ఒక నెల పాటు ఫోనులోనే రంగు తీసేసి నలుపు తెలుపులో తీసి చూడమని నా సలహా. డబ్బు ఎంత మిగులుతుందో తర్వాత లెక్క వేసుకోవచ్చు.

ఇక ప్లాను. 2025లో రాజమౌళి బృందం మహేష్‌బాబు సినిమా షూటింగ్‌కు కెన్యా వెళ్లినప్పుడు మసాయి మారా, అంబోసెలి పేర్లు తెలుగు పత్రికల్లో కనిపించాయి. ఆ పేర్లు విన్న ఇంట్లో మొదట వచ్చే ఆలోచన ఎండాకాలం సెలవుల్లో పోదామని. సరిగ్గా అదే తప్పు నెల. మార్చి నుంచి మే దాకా కెన్యాలో పెద్ద వానలు. నల్లరేగడి దారులు బురదవుతాయి, గడ్డి నిలువెత్తు పెరుగుతుంది, కొన్ని క్యాంపులు మూసేస్తారు కూడా. మన పిల్లల బడి క్యాలెండరును కెన్యా వానల పక్కన పెట్టి చూస్తే నిలిచేవి రెండే: దసరా, సంక్రాంతి. జులై నుంచి అక్టోబరు దాకా టాంజానియాలోని సెరెంగెటి నుంచి విల్డ్‌బీస్ట్ మందలు మారాలోకి వస్తాయి. ఆ మొత్తం వలసలో దాదాపు 13 లక్షల విల్డ్‌బీస్ట్‌లు, వాటితో లక్షల్లో జీబ్రాలు, జింకలు ఉంటాయి. గడ్డి ఉన్నచోటికి, వాన పడినచోటికి పోవడం తప్ప వాటికి తేదీలు లేవు. అక్టోబరు చివరికి మందలు దక్షిణానికి మళ్లుతాయి కాబట్టి, దసరా ముందుగా వచ్చిన ఏడు వెళ్లడం మేలు. అధిక మాసం వచ్చి పండుగ అక్టోబరు మూడో వారంలో పడితే అంచున నిలబడినట్టే.

సంక్రాంతి సంగతి వేరు. జనవరి, ఫిబ్రవరి నెలలు అక్కడ పొడి కాలం. మందలు ఆ రోజుల్లో సెరెంగెటి దక్షిణాన ఎన్‌డూటు వైపు ఈనడానికి చేరతాయి. అందుకే మందలు మారా నదిని దాటే దృశ్యం అప్పుడు దొరకదు. కానీ సింహాలు, చిరుతలు, ఏనుగులు, జిరాఫీలు ఎక్కడికీ పోవు, అక్కడే ఉంటాయి. బళ్లు తక్కువ. దానికి తోడు లెక్క కూడా ఉంది. 2024 నుంచి మారా ప్రవేశ రుసుము విదేశీ పెద్దలకు జనవరి నుంచి జూన్ దాకా రోజుకు 100 డాలర్లు, జులై నుంచి డిసెంబరు దాకా 200. భార్యాభర్తలు మూడు రోజులుంటే దసరాకు 1,200 డాలర్లు, సంక్రాంతికి 600. ఇది గేటు దగ్గర కట్టేది మాత్రమే. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేనైతే సంక్రాంతినే సిఫారసు చేస్తాను. టీవీలో చూసిన మొసళ్ల నది కోసమే అయితే దసరా.

సఫారీ ప్లాను చేతికొస్తే నేను మొదట చూసేది అందులో ఎన్ని చోట్లున్నాయని. ఎనిమిది రోజుల్లో అయిదు పార్కులు చుట్టేసే ప్లాన్లు ఏజెన్సీల దగ్గర బోలెడు. చదవడానికి నిండుగా ఉంటాయి. ఆ కాగితం మీద ఎక్కడా రాయనిది రోడ్డు. నైరోబీ నుంచి అంబోసెలికి నాలుగైదు గంటలు, నైరోబీ నుంచి మారాకు అయిదారు గంటలు. అంబోసెలి ఒక మూల, మారా ఇంకో మూల, మధ్యలో నైరోబీ ట్రాఫిక్. అయిదు పార్కులు తిరిగినవాళ్లు తెల్లారి, సాయంత్రం రెండు పూటలూ జంతువులు తిరిగే వేళకు రోడ్డు మీద ఉంటారు, అవి నిద్రపోయే మిట్టమధ్యాహ్నానికి పార్కులో ఉంటారు. తెలిసినవాడు వేసిన ప్లానులో మూడే చోట్లుంటాయి: అంబోసెలి రెండు రాత్రులు, నైవాషా ఒక రాత్రి, మారా మూడు లేదా నాలుగు.

ఈ అంకెల్లో ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంది. అంబోసెలిలో 5,895 మీటర్ల కిలిమంజారో కనిపించాలి. కొండ టాంజానియాలో ఉంది, బాగా కనిపించేది మాత్రం కెన్యా వైపు నుంచి. పగలంతా మబ్బు వేసుకుని పొద్దునా సాయంత్రం మాత్రమే తేటపడుతుంది. రెండు రాత్రులుంటే రెండు సాయంత్రాలు, రెండు ఉదయాలు. ఒకటి పోయినా మూడు మిగులుతాయి. ఆ కొండ నీళ్లు భూమి లోపల పారి పార్కు మధ్యలో చిత్తడిగా పైకొస్తాయి, ఏనుగులు అందులో కడుపు లోతున నిలబడి మేస్తాయి. సింథియా మాస్ 1972లో మొదలుపెట్టిన పరిశోధన వల్ల అక్కడి ఏనుగు కుటుంబాలకు పేర్లు, వంశావళులు ఉన్నాయి. చిత్తడి బయట అంతా తెల్ల బూడిద దుమ్ము. ఖనిజం లారీల వెనక స్కూటరు నడిపిన సండూరువాళ్లకు ఆ దుమ్ము గురించి జాగ్రత్తలు చెప్పనక్కర్లేదు, రంగు ఒక్కటే తేడా. నైవాషా సరస్సు దగ్గర రాత్రి ప్రధానంగా నడుముకు విశ్రాంతి. పడవలో కూర్చుని నీటిగుర్రాలను చూడొచ్చు, అది కలిసొచ్చినట్టు. మారాలో మూడు రాత్రులంటే వచ్చిన సాయంత్రం, రెండు నిండు రోజులు, తిరిగే ఉదయం. నది దాటడం చూడాలంటే నాలుగో రాత్రి ఉండాల్సిందే. మారాను చివర్లో పెట్టడం కూడా ఊరికే కాదు. పెళ్లి విస్తట్లో బూరెలు ముందే నిండా వడ్డించేస్తే తర్వాత వచ్చిన పప్పును ఎవరూ తాకరు. మారా చూసొచ్చిన కంటికి నైవాషా జింకలు ఆనవు.

ప్లాను తర్వాత బండిని చూడాలి. ఇక్కడే నేను అందరికన్నా ఎక్కువసేపు నిలబడిపోతాను. కెన్యా సఫారీల్లో తిరిగే టయోటా లాండ్ క్రూజర్లలో చాలావాటిని 70 సిరీస్ ఛాసిస్ మీద అక్కడి వర్క్‌షాపుల్లో బాడీ కట్టి తయారుచేస్తారు. సండూరు లారీ మెకానిక్కులకు ఆ బండి చూపిస్తే ముందు కింద వంగి చూస్తారు. వెనక పక్క లారీలకు ఉన్నట్టే కమాన్ కట్టలు. గుంతలో పడ్డా విరగవు, విరిగినా ఏ ఊళ్లోనైనా బాగుచేసుకోవచ్చు. లోపల ప్రతి సీటుకూ ఒక కిటికీ, జరిపే అద్దం. అసలు పనితనం పైకప్పులో ఉంది. లోపల గొళ్లెం తీసి నెడితే కప్పు మొత్తం నిలువుగా లేస్తుంది, నాలుగు మూలలా కడ్డీలు దాన్ని మోస్తాయి. ఊడిపోదు, పక్కకు వాలదు. లేచిన కప్పు నెత్తిన నీడగా నిలుస్తుంది, దానికీ బాడీకీ మధ్య నాలుగు వైపులా ఖాళీ వస్తుంది. మనిషి సీటు మధ్యలో లేచి నిలబడితే ఆ ఖాళీలోంచి చుట్టూ కనపడుతుంది. జంతువుకు మాత్రం బండి ఆకారం మారినట్టు అనిపించదు. సింహం బండిని, అందులోని మనుషుల్ని విడివిడిగా లెక్కపెట్టదు. అంతా కలిసి తనకు పనికిరాని ఒక పెద్ద వస్తువు. ఎవరైనా కిటికీలోంచి సగం బయటికి వాలినా, కిందికి దిగినా ఆ లెక్క చెడిపోతుంది. కప్పు కట్టినవాడు మనిషిని నిలబెట్టాడు, కానీ ఆ ఆకారం అంచు దాటనివ్వలేదు.

బుక్ చేసేటప్పుడు అడగాల్సిన ప్రశ్నలు కూడా ఈ బండి నుంచే పుడతాయి. ఎంతమందిని ఎక్కిస్తారు? అందరికీ కిటికీ సీటు ఉంటుందా? బండి మాకే ఉంటుందా, వేరే కుటుంబంతో పంచుకోవాలా? హోటల్ స్టార్ల గురించి గంటసేపు అడిగి బండి గురించి అడగనివాళ్లే ఎక్కువ. నిద్రపోయేది హోటల్లో, చూసేది బండిలో. డబ్బు తగ్గించాలంటే గదిలో తగ్గించాలి గానీ బండిలో కాదు.

ఆ బండి నడిపే మనిషి దగ్గరికి వద్దాం. 1996లో మొదలైన కెన్యా వృత్తి సఫారీ గైడ్ల సంఘం పరీక్షలు పెట్టి కంచు, వెండి, బంగారు స్థాయిలు ఇస్తుంది. వెండి గైడు కావాలని ముందే అడగొచ్చు, దానికి కొంచెం ఎక్కువ కట్టాల్సిరావచ్చు. ఆ ఎక్కువ దేనికో చెబుతాను. ఎర లేనిచోట గైడు సింహాన్ని వెతకడు, సింహాన్ని చూసినవాళ్లను వెతుకుతాడు. టోపీ అనే జింక పుట్ట ఎక్కి కదలకుండా ఒకే దిక్కు చూస్తోందంటే అటు ఏదో ఉంది. జిరాఫీ నమలడం ఆపి మెడ నిలబెట్టి చూస్తే ఆ చూపు గీసిన గీత వెంట బండి పోతుంది. రాబందులు ఆకాశంలో తిరుగుతుంటే పెద్ద విషయం కాదు, ఒకదాని వెనక ఒకటి కిందికి దిగుతుంటే వేట అయిపోయింది. దిగకుండా పక్క చెట్ల మీద కూర్చుంటే వేటాడింది ఇంకా అక్కడే ఉంది. చిరుతపులి కోసం పొదల్లో చూడడు, పెద్ద చెట్ల అడ్డకొమ్మల్ని చూస్తాడు. అక్కడ కొమ్మకు కిందుగా, నిటారుగా వేలాడే తీగ ఒకటి కనపడితే, అది గాలికి ఊగకపోతే, అది తోక. దారి మీద అడుగు పడి ఉంటే గోళ్ల గుర్తు చూస్తాడు. సింహం నడిచేటప్పుడు గోళ్లు లోపలికి లాక్కుంటుంది, హైనా లాక్కోలేదు. పిల్లి జాతి పాదం మెత్త వెనక అంచు మూడు వంపులుగా ఉంటుంది. ఇవన్నీ అతను బండి నడుపుతూ, వెనకవాళ్ల ప్రశ్నలకు జవాబు చెబుతూ, గుంతలు తప్పిస్తూ చూస్తాడు.

వీటన్నిటికన్నా పెద్ద పరీక్ష మారా నది ఒడ్డున. మంద ఒడ్డుకు వచ్చి నిలబడుతుంది. వేలల్లో. ముందున్నవి నీళ్లను చూస్తాయి, వెనకున్నవి తోస్తాయి, ఒక జీబ్రా బెదిరి వెనక్కి తిరిగితే మొత్తం మంద దుమ్ము లేపుకుంటూ వెనక్కి పోతుంది. మళ్లీ వస్తుంది. ఇలా గంటలు గడుస్తాయి, కొన్నిసార్లు సాయంత్రమయ్యాక మంద దాటకుండానే మేతకు పోతుంది. పని తెలియని డ్రైవరు మంద దిగే చోటికో, అవతల ఎక్కే చోటికో బండిని దూరుస్తాడు. వాహనం కనిపించి దారి మూసుకుపోయిందనుకుని మంద ఆగిపోతుంది. తెలిసినవాడు ఒడ్డుకు దూరంగా, పొదల వెనక ఇంజను ఆపి కూర్చుంటాడు. మొదటి జంతువులు నీళ్లలోకి దూకి వరస కుదిరాక, ఇక వెనక్కి తిరగవని నమ్మకం కుదిరాక, అప్పుడు ముందుకు కదులుతాడు. వెనక సీట్లోవాళ్లు "పోనీ, పోనీ" అని వీపు తడుతున్నా కదలని గైడు దొరికితే అదృష్టం. ఇంకా ముందుకు పోనివ్వు అని ఒత్తిడి చేయకపోవడం మన వంతు పనితనం.

నియమాలు అతనికి కొంత సాయపడతాయి. మారాకు పడమటి భాగమైన మారా ట్రయాంగిల్‌ను 2001 నుంచి మారా కన్సర్వెన్సీ చూసుకుంటోంది. అక్కడ ఒక జంతువు దగ్గర అయిదు బళ్లకు మించి నిలబడకూడదు, దారి వదిలి గడ్డిలోకి పోవడం మీదా ఆంక్షలున్నాయి. రిజర్వు బయట మసాయిల సొంత భూములను కౌలుకు తీసుకుని నడిపే కన్సర్వెన్సీలూ ఉన్నాయి, నబోయిషో, ఓలారే మోటోరోగి, మారా నార్త్ లాంటివి. క్యాంపుల సంఖ్యకు హద్దు ఉంటుంది, నడక సఫారీ, రాత్రి సఫారీ అక్కడే దొరుకుతాయి. కౌలు డబ్బు భూమి ఉన్న కుటుంబాలకు వెళ్తుంది. ఖర్చు ఎక్కువే. నాలుగు రాత్రులున్నవాళ్లు రెండు రిజర్వు దగ్గర, రెండు కన్సర్వెన్సీలో పెట్టుకుంటే రెండు రకాల అడవులూ చూసినట్టవుతుంది.

సంచి సర్దడం మన ఇళ్లల్లో అందరికీ వచ్చిన విద్యే అనుకుంటాం. కానీ కెన్యాలో 2017 ఆగస్టు నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం. 2020 జూన్ నుంచి రక్షిత అడవుల్లోకి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలు, కప్పులు కూడా తీసుకుపోకూడదు. కవర్లో కవరు పెట్టి మూట కట్టే చట్నీ పొడులు, పచ్చళ్లు స్టీలు డబ్బాల్లోకి, గుడ్డ సంచుల్లోకి మార్చుకోవాలి. నైరోబీ నుంచి మారాకు చిన్న విమానంలో పోయేవాళ్లకు మొత్తం సామాను 15 కిలోలే, అదీ మెత్తటి సంచిలో. చక్రాల పెట్టె విమానం పొట్టలో పట్టదు. శాకాహారులు దిగులుపడక్కర్లేదు. నైరోబీలో గుజరాతీ కుటుంబాలు తరాలుగా ఉన్నాయి, చపాతీ కెన్యా ఇళ్లల్లో అదే పేరుతో తింటారు, లాడ్జీల్లో ముందే చెబితే వండిపెడతారు. బళ్ళారి ఎండలకు అలవాటుపడినవాళ్లు మర్చిపోయేది స్వెట్టరు. మారా 1,500 మీటర్లకు పైనున్న నేల. తెల్లవారుజామున ఆరింటికి కప్పు లేపిన బండిలో గాలి ఎముకలు కొరుకుతుంది. ముదురు నీలం, నలుపు బట్టలు వద్దు, సెట్సీ ఈగలు ఆ రంగులకే వచ్చి వాలతాయి.

కాగితాల్లో అన్నిటికన్నా ముందు చేసుకోవాల్సింది ఎల్లో ఫీవర్ టీకా. విమాన టికెట్టు కన్నా ముందు దీన్ని చూసుకోవడం మంచిది, ఎందుకంటే ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం అలాంటిది. టీకా వేసిన పది రోజుల తర్వాతే సర్టిఫికెట్టు చెల్లుతుంది, ఆపైన జీవితాంతం పనికొస్తుంది. అరవై దాటిన అమ్మానాన్నలను వెంట తీసుకెళ్తుంటే, గుడ్డు పడనివాళ్లుంటే, టికెట్టు కొనకముందే డాక్టరుతో మాట్లాడాలి. ఈ టీకా అడిగేది మనల్ని పంపేటప్పుడు కాదు, రానిచ్చేటప్పుడు. మన దేశంలో ఈ జ్వరం లేదు, దాన్ని మోసే దోమ మాత్రం ఊరూరా ఉంది. అందుకే మన ప్రభుత్వం అంత గట్టిగా ఉంటుంది. మలేరియా మాత్రల సంగతీ అదే డాక్టరును అడగొచ్చు. వీసా స్థానంలో కెన్యా 2024 జనవరి నుంచి ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి పెట్టింది, ఇంట్లో కూర్చుని పెట్టుకోవచ్చు.

తోరణగల్లులో రాత్రి హంపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి బెంగళూరు. ముంబై నుంచి నైరోబీకి నేరుగా ఆరు గంటల ప్రయాణం, బెంగళూరు నుంచి అడిస్ అబాబా మీదుగా పోయే దారీ ఉంది. నైరోబీ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. దిగిన రోజే అంబోసెలికి పరుగెత్తకుండా ఆ రాత్రి నైరోబీలో ఉండాలి. మరుసటి ఉదయం మూడు గంటలు దొరికితే నగరం అంచునే ఉన్న 117 చదరపు కిలోమీటర్ల నైరోబీ నేషనల్ పార్కుకు పోవచ్చు. 1946 నాటి పార్కు అది, ఖడ్గమృగాల వెనక మేడలు కనపడతాయి. తిరుగు ప్రయాణంలోనూ మారా నుంచి వచ్చిన రోజే రాత్రి విమానం పెట్టుకోకూడదు. మారా నుంచి వచ్చే నరోక్ రోడ్డు మీద ఒక లారీ అడ్డం పడితే చాలు. ఎల్లో ఫీవర్ కార్డు అసలు కాగితం పాస్‌పోర్టుతోనే చేతి సంచిలో ఉంచుకోండి. పెద్ద పెట్టెలో పెట్టేస్తే మన ఎయిర్‌పోర్టులో అది బెల్టు మీదికొచ్చేలోపే ఆరోగ్య కౌంటరు వస్తుంది, కార్డు చూపలేనివాళ్లను ఆరు రోజుల దాకా విడిగా ఉంచే అధికారం వాళ్లకుంది.